మంగత్త రాట్నం, మా తమ్ముడి కథ

మా తమ్ముడి ముఖం మా పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట మీద కప్పి ఉంటుంది. వాడికి అమలాపురంలో సన్మానం చేసినప్పుడు కట్టిన ఫ్లెక్సీ అది. సభ అయ్యాక దాన్ని విప్పి గోడ పక్కన పడేస్తుంటే నేనే అడిగి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాను. మంచి గట్టి సరుకు, ఎంత వానొచ్చినా కింద డొక్కలు తడవవు. శాలువా కప్పుకుని నవ్వుతున్న వాడి బొమ్మ, పక్కన ‘కథల తాతయ్య’ అని బారెడు అక్షరాలు. పొద్దున్నే నీళ్ళ పొయ్యిలోకి డొక్కలు తీసుకునేటప్పుడు ఆ నవ్వుని ఒక మూల ఎత్తుతాను, నాలుగు డొక్కలు లాక్కుని మళ్ళీ కప్పేస్తాను. పిల్లలకి పాటతో కథ చెప్పడం నేర్పించడంలో ఈ చుట్టుపక్కల వాడి తర్వాతే ఎవరైనా అంటారు. నేనూ కాదనను. వాడు నేర్చుకున్న చోట నేనూ ఉన్నాను కాబట్టి వాడికేం వచ్చో, ఏం రాదో నాకు తెలుసు. వాడికి రానిది ఒక్కటే. నేర్పిన మనిషి పేరు చెప్పడం.

ఆవిడ పేరు మంగాయమ్మ. మా నాన్నగారికి అక్క, మాకు మేనత్త. మంగత్త అనేవాళ్ళం. నేను బడికెళ్ళింది నాలుగో తరగతి దాకానే. రాస్తూ రాస్తూ ఎక్కడ చెయ్యి నొప్పెట్టి ఆపేస్తానో తెలియదు, అందుకని ఆ పేరు ముందే రాసి పెట్టేశాను.

సన్మానం రోజున మా తమ్ముడు సత్యం మైకు ముందు నిలబడి, తనకి కథలన్నీ అమ్మ ఒళ్ళోనే వచ్చాయన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్నావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. నేను ఇంటికొచ్చేదాకా ఆగి అడిగాను.

“ఒరేయ్ సత్యం, అమ్మ నీకు కథెప్పుడు చెప్పిందిరా? ఆవిడకి వంటింట్లోంచి బయటికి రావడానికే తీరిక లేదు.”

“మాటవరసకన్నాను అక్కా. సభల్లో అలాగే అంటారు.”

“మాటవరసకైనా మంగత్త పేరు నోటికి రాలేదేం?”

“ఈసారి చెబుతాలే. నువ్వొచ్చి ముందు వరసలో కూర్చో. నీ ఎదురుగానే చెబుతాను, సరేనా?”

సరేనన్నాను. ఆ ‘ఈసారి’ మొన్న ఎండాకాలంలో వచ్చింది. మా మనవరాలు జాహ్నవి చదివే బళ్ళో సెలవుల్లో కథల శిబిరం పెట్టారు. పాటలూ వాయిద్యాలతో పాత కథల్ని కొత్తగా చెప్పడం నేర్పిస్తారట. నేర్పడానికి మా తమ్ముణ్ణే పిలిచారు. ఎవరి తాతయ్యలూ నాన్నమ్మలూ రావాలనుకుంటే వాళ్ళు కూడా రావచ్చన్నారు. మా కోడలు ఆటో మాట్లాడతానంది. ఆధార్ కార్డు చూపిస్తే ఊరికే తీసుకెళ్ళే బస్సుండగా ఆటో ఎందుకని పిల్లదాన్ని పట్టుకుని ముక్తేశ్వరం రోడ్డు మీద నిలబడి బస్సెక్కాను. దారంతా దానికి చెప్పాను, ఇవాళ మీ చిన్న తాతయ్య ఒక పేరు చెబుతాడు, జాగ్రత్తగా విను అని. ఎవరి పేరు మామ్మా అంది. విన్నాక నువ్వే చెప్పు అన్నాను.

హాల్లో చల్లటి మిషన్లు తిరుగుతున్నాయి. తలుపులన్నీ మూసి, పట్టపగలు లైట్లు వేశారు. పిల్లలు రంగు రంగుల చాపల మీద వరసగా కూర్చున్నారు. సత్యం పట్టుపంచె కట్టుకుని, పక్కన నల్లటి పెట్టె ఒకటి పెట్టుకుని వచ్చాడు. ఆ పెట్టె మీద మీట నొక్కితే వాన పడుతుంది, గుర్రం పరిగెడుతుంది, ఏడుపు కూడా వస్తుంది. నన్ను చూసి తలూపాడు. పిల్లల్ని చూసి మొదట అన్న మాట ఇది: “కథ చెప్పేటప్పుడు ఎవ్వరూ కిక్కురుమనకూడదు. అందరూ ఫింగర్ ఆన్ లిప్స్!” పిల్లలందరూ టక్కున చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు. మా జాహ్నవీ పెట్టుకుంది. మేం నేర్చుకున్నచోట నోరు మూసుకున్నవాడికి కథ లేదు.

మా నాన్నగారికి ఐనవిల్లి పక్కన కొబ్బరి తోట ఉండేది. చెట్ల మీంచి కాయల దింపు తీసిన ప్రతిసారీ, ఒలిచాక మిగిలిన డొక్కలు తోటలో నీళ్ళు పారే బోదెలో ముంచి, పైన మట్టి కప్పి నెలల తరబడి నానబెట్టేవారు. ఆ నానిన డొక్కల కంపు ఇప్పటివాళ్ళకి చెప్పినా తెలియదు. కుళ్ళిన గుడ్డూ, బురదా, పాచీ కలిసినట్టుండేది. జుట్టుకి పట్టిందంటే ఎన్ని కుంకుడుకాయలు కొట్టి పోసుకున్నా వదిలేది కాదు. పెళ్ళిచూపులకి ముందు వారం రోజులు మా ఇంటి ఆడపిల్లల్ని బోదె వైపు వెళ్ళనిచ్చేవారు కాదు. ఆ డొక్కల్ని తీసి కర్రతో కొట్టి, పీచు దులిపి ఎండబెడితే బంగారం రంగు వచ్చేది. ఆ పీచుతో తాళ్ళు పేనడానికి దొడ్లో తాటాకు పాక వేసి, అందులో రాట్నం పాతారు. పాకా, పీచూ, రాట్నం అన్నీ మంగత్త పెత్తనం. పెత్తనమని నేనంటున్నాను గానీ, తినే అన్నానికి పని చూపించమన్నారు, ఆవిడకి చూపించిన పని అది.

మంగత్తని రాజోలు వైపు ఇచ్చారు. పిల్లలు పుట్టలేదని భర్త రెండో పెళ్ళి చేసుకుని ఆవిణ్ణి పుట్టింటికి పంపించేశాడు. మెళ్ళో పుస్తెలుండేవి, నుదుట బొట్టుండేది, ఇంట్లో చోటు మాత్రం పాకలో ఉండేది. నల్లగా, పొడుగ్గా, కొబ్బరి చెట్టు మీదనుంచి మాట్లాడుతున్నట్టు పెద్ద గొంతు. పెళ్ళిళ్ళలో పాడేవారట ఒకప్పుడు. మొగుడు వదిలేసినావిడ పెళ్ళి పాట పాడకూడదని ఎవరో అన్నాక అదీ మానేశారు. ఇక ఆ గొంతుకి మిగిలింది పాకలో చేరే మా ఇంటి, ఇరుగుపొరుగు పిల్లలం మేమే.

తాడు పేనడం చూడనివాళ్ళకి చెప్పాలి. రాట్నం దగ్గర ఒకరు కూర్చుని చక్రం తిప్పుతారు. ఇంకొకరు నడుముకి పీచు మూట కట్టుకుని, కొంచెం పీచు రాట్నం కొక్కేనికి తగిలించి, చేతులతో పీచు అందిస్తూ వెనక్కి నడుస్తారు. చక్రం తిరిగేకొద్దీ పీచు మెలిపడి తాడవుతూ వస్తుంది. పాక దాటి, కొబ్బరి చెట్ల వరసల మధ్య నుంచి దడి దాకా అలా వెనక్కి వెనక్కి నడవాలి. తొందరపడితే తాడు సన్నబడి తెగుతుంది, నెమ్మదిస్తే ముద్ద కడుతుంది. మంగత్త మాకు కథ చెప్పడం నేర్పింది అలాగే. నడుముకి పీచు కట్టి, “నడువు, చెప్పు” అనేవారు. రాట్నం దగ్గర మొదలెట్టిన కథ దడి దగ్గరికి చేరేసరికి అయిపోవాలి. ముందే అయిపోయినా తప్పే, దడి తగిలాక మిగిలినా తప్పే. రాట్నం రొద శ్రుతి. ఆ శ్రుతి మీద మాట నిలబడాలి. రాజుగారు నడిస్తే ఒక వరస, వాన పడితే ఒక వరస, తల్లి ఏడిస్తే ఇంకో వరస. మాట రాకముందు ఆ వరసని మూతి మూసుకుని కూనిరాగంగా తియ్యాలి. కూనిరాగంలోనే ఏడుపు తెలియకపోతే మాటల్లో ఏం తెలుస్తుందే అనేవారు.

అంతకన్నా ముందు ఊ నేర్పేవారు. కథ చెప్పడానికి ఎవరికైనా అంత తేలిగ్గా వంతు వచ్చేది కాదు. ముందు ఒక దింపు నుంచి ఇంకో దింపు దాకా ఊ కొట్టాలి. చెప్పేవాళ్ళు నడుస్తూ దూరమవుతుంటే ఊ వాళ్ళ వెనకే వెళ్ళాలి, శ్రుతి తప్పకూడదు. ఊలు అన్నీ ఒక్కలా ఉండవని నాకు అప్పుడే తెలిసింది. భయానికి ఊ కిందికి దిగాలి. అనుమానానికి పైకి లేచి ఆగాలి. నిద్రలో ఊ గాలిలో పోవాలి. మా సత్యం దేనికైనా ఒకటే ఊ కొట్టేవాడు.

“ఒరేయ్ నాయనా, అక్కడ కూతురు పోయి రాణి గుండెలు బాదుకుంటోంది. నీ ఊ చూస్తే గారెలు పెట్టినట్టుంది” అనేవారు మంగత్త.

“మరెలా కొట్టమంటావు అత్తా?”

“ఆ గారెలు కాకి ఎత్తుకుపోతే ఎలా ఉంటుందో అలా కొట్టు.”

అప్పుడు వచ్చేది వాడికి సరైన ఊ. పీచు కొట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు కర్రలు ఆపి నవ్వేవారు. పని ఆగిందని మంగత్త వాళ్ళనీ కసిరేవారు.

పాత కథ పాతలా చెబితే ఒప్పుకునేవారు కాదు. “అది నానబెట్టిన డొక్కేనే. కొట్టి దులిపితే కదా పీచు” అనేవారు. ఒకసారి అందరికీ ఒకే కథ ఇచ్చారు. సముద్రం నడుమ ఏడంతస్తుల మేడ. అందులో రాక్షసుడు ఎత్తుకొచ్చిన రాజు కూతురు. అక్కణ్ణుంచి మీ ఇష్టం అన్నారు. సత్యం ఎప్పటిలాగే రాకుమారుణ్ణి గుర్రమెక్కించాడు. సముద్రం మీద గుర్రమెలా వచ్చిందిరా అంటే ఏడ్చాడు. నేను రెండు రోజులు ఆలోచించాను. మా నాన్నగారు మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చి, అమ్మ చెప్పే ఇంటి సంగతులకి ఊ కొడుతూ కొడుతూ నిద్రపోయేవారు. ఊ ఆగిందా, అమ్మ విసనకర్ర కింద పెట్టి పిల్లిలా లేచి వెళ్ళి తన అన్నం తినేది. నా రాక్షసుడు అక్కణ్ణుంచి పుట్టాడు.

నా రాక్షసుడికి కొబ్బరి బొండాలంటే ప్రాణం. నీళ్ళు తాగి డొక్కలు గదిలో పారేస్తాడు. పడుకోబోయే ముందు రాజు కూతుర్ని కథ చెప్పమంటాడు, తను ఊ కొడతాడు. ఊ వినిపించినంతసేపూ ఆ పిల్ల కథ చెబుతుంది. ఊ ఆగిపోయాక డొక్కల్లోంచి పీచు తీసి తాడు పేనుతుంది. ఒక్కోసారి వాడు నిద్రలో కూడా ఊ అంటాడు, పిల్ల ఉలిక్కిపడి మళ్ళీ కథ అందుకుంటుంది. అలా తాడు ఏడంతస్తులూ అందేంత పొడుగయ్యాక ఒక రోజు ఊ ఆగుతుంది. పిల్ల తాడు కిటికీకి కట్టి దిగి వెళ్ళిపోతుంది. అంతే. నేను చివరి మాట అనేసరికి నా వీపుకి దడి తగిలింది.

మంగత్త రాట్నం ఆపేశారు. ఎప్పుడూ ఆపరు. అంతదూరం నడిచొచ్చి నా చేతిలో తాడు వేళ్ళతో తడిమి చూశారు. “ఎక్కడా ముద్ద లేదే బుల్లీ” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “రాక్షసుడు గురక కూడా పెడతాడా? మీ నాన్నలాగా?” అని చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. నా జన్మలో నాకు వచ్చిన మెచ్చుకోలు అది. ఇంకోటి రాలేదు, కావాలనీ అనుకోలేదు.

ఆ ఏడే నన్ను బడి మాన్పించారు. చంటి చెల్లెల్ని చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. సత్యం చదువుతూనే ఉన్నాడు. వాడి బళ్ళో వార్షికోత్సవం పెట్టి, కథ చెప్పే పిల్లలుంటే ముందుకు రమ్మన్నారట. వాడు ఇంటికొచ్చి, అక్క కథ నేను చెబుతానన్నాడు. మా నాన్నగారు చెప్పరా అన్నారు. పాకలోంచి మంగత్త వచ్చి గుమ్మం అవతల నిలబడ్డారు.

“తమ్ముడూ, ఆ కథ బుల్లిదిరా. దాని చేతే చెప్పించు. మాస్టారు కాదనరు.”

“బడి మానేసిన పిల్లకి బళ్ళో పనేంటక్కా? ఎదిగే పిల్లని సభలో నిలబెడతామా?”

“పోనీ నువ్వే అడిగి చూడు దాన్ని.”

నన్ను ఎవరూ అడగలేదు. నేను చెల్లెలికి ఉగ్గు పెడుతున్నాను. చెయ్యి ఆపకుండా విన్నాను.

నెల రోజులు సత్యాన్ని వెనక్కి నడిపించారు మంగత్త. వాడికి మాటలు వచ్చేశాయి, వరసలూ వచ్చేశాయి. ఒక్కటే ఇబ్బంది. రాజు కూతురు కథ మొదలుపెట్టగానే రాక్షసుడు ఊ కొట్టాలి కదా, ఆ ఊ వినబడితేగాని వాడు ముందుకు కదలలేడు. అలవాటైపోయింది. ఆ ఊ కొట్టేది నేను. చెల్లెల్ని చంకనేసుకుని దడి దాకా వాడి పక్కన నడుస్తూ కొట్టేదాన్ని. ఈలోగా బళ్ళో మాస్టారు కథ విని, అన్నీ బావున్నాయి గానీ రాకుమారుడు లేకుండా కథేమిటోయ్ అని ఒక రాకుమారుణ్ణి తెచ్చి కిటికీ కింద నిలబెట్టారు. తాడు పట్టుకుని దింపేది ఆయనేనట. సత్యం అది మంగత్తకి చెప్పాడు. ఆవిడ చాలాసేపు రాట్నం తిప్పి, “నీ కథకి మీసాలు మొలిచేయే బుల్లీ” అన్నారు.

వార్షికోత్సవం బడి ఆవరణలో పందిరి వేసి చేశారు. మగవాళ్ళు ముందు బల్లల మీద, ఆడవాళ్ళు వెనక తడికె పక్కన. మా అమ్మ, చెల్లి, నేను, మా వెనక మంగత్త. సత్యం కొత్త లాగూ తొడుక్కుని వచ్చి గడగడా మొదలెట్టాడు. మేడ కట్టేశాడు, సముద్రం పోసేశాడు. “రాజు కూతురు కథ మొదలెట్టింది. రాక్షసుడు పడుకుని…” అని ఆగాడు. ఊ రావాలి. నేను నోరు తెరిచాను. మా అమ్మ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. ఆ పొద్దున మా ఇంట్లో చేపల పులుసు. ఆ చేతిలో చింతపండూ, నీచూ, పసుపూ అన్నీ కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. “ఆడపిల్లవి, ఇంతమందిలో గొంతెత్తుతావా?” అని చెవిలో అంది. గట్టిగా నొక్కింది. నేను ఆ చెయ్యి లాగాను, వదల్లేదు. అక్కడ సత్యం మళ్ళీ అన్నాడు, “రాక్షసుడు పడుకుని…” వాడి పెదాలు వణుకుతున్నాయి. బల్లల మీద నవ్వులు మొదలయ్యాయి.

అప్పుడు మా వెనకనుంచి వచ్చింది ఊ. రాట్నం శ్రుతిలో, కిందనుంచి లేచి, పందిరంతా నిండి, నిద్రమత్తుగా గాలిలో కలిసింది. అంత మంచి ఊ నేను మళ్ళీ వినలేదు. వాడు గబుక్కున అందుకున్నాడు. తర్వాత ఊ రావలసిన ప్రతిచోటా వచ్చింది. మగవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. “రాక్షసుడు చీర కట్టేడేంటండోయ్!” అని ఎవరో అరిచారు. పందిరి విరిగిపడేలా నవ్వారు. మా నాన్నగారొక్కరే వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మాత్రం కందగడ్డలా అయింది. సత్యానికి బహుమతిగా ఇత్తడి గ్లాసిచ్చారు.

మర్నాడు పొద్దున నాన్నగారు ఇద్దరు మనుషుల్ని తీసుకుని పాకలోకి వెళ్ళి రాట్నం పెళ్ళగించారు.

“వాడు ఆగిపోయేడు తమ్ముడూ. పసివాడు ఏడ్చేసేలా ఉన్నాడు. అందుకన్నాను” అన్నారు మంగత్త.

“ఆగిపోతే మాస్టారు చూసుకుంటారు. మొగుడొదిలేసినదానివి, నలుగురిలో నీకు గొంతెందుకు? పిల్లల్లేనిదానికి పిల్లల కథలెందుకు?”

సత్యం అరుగు మీద కూర్చుని ఇత్తడి గ్లాసులో నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోస్తున్నాడు. వాడు చిన్నవాడే, ఏం మాట్లాడతాడులే అని అప్పుడు సరిపెట్టుకున్నాను. అమ్మ వంటింట్లోంచి రాలేదు. ఆ ఏటినుంచి మా డొక్కలు గుత్తకి అమ్మేశారు. రాట్నం కొన్నాళ్ళు చూరు కింద పడుండి, ఒక వానాకాలం ధాన్యం ఉడకబెట్టడానికి పొయ్యిలోకి వెళ్ళింది. దాని చక్రం ముక్క నేనే ఎగదోశాను, ఎగదొయ్యమన్నారు కాబట్టి. సత్యానికి మాత్రం నాన్నగారు హార్మోనియం కొనిచ్చి, అమలాపురంలో పంతులుగారి దగ్గర పాట నేర్పించారు. కుర్రాడికి సభలో మాట్లాడే ధైర్యం ఉందని అందరికీ చెప్పుకునేవారు.

మంగత్త అప్పటినుంచి కథ చెప్పలేదు. కూనిరాగం కూడా తియ్యలేదు. నన్ను కొత్తపేట దగ్గర ఇచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా పాకలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ ఉండేవారు. చివరి రోజుల్లో మంచాన పడ్డారని కబురొస్తే చంటివాణ్ణి ఎత్తుకుని వెళ్ళాను. నాకు వచ్చిన ఒకే ఒక్క కథ చెప్పాను. మేడ, సముద్రం, బొండాలు. రాకుమారుడు లేకుండా, నా కథ నాదిగా. రాజు కూతురు కథ మొదలెట్టింది, రాక్షసుడు పడుకుని అని ఆగాను. ఆవిడ తాటాకుల వైపు చూస్తూ పడుకున్నారు. ఆగాను. ఎంతసేపో ఆగాను. చివరికి, “గొంతు పీచైపోయిందే బుల్లీ. లేచెళ్ళి పిల్లాడికి పాలియ్యి” అన్నారు. ఒక్క ఊ కోసం నేను అంతదూరం వెళ్ళాను. రాలేదు. ఆ ఊ నాన్నగారు పొయ్యిలో పెట్టేశారు.

ఈ శిబిరంలో చల్లగాలీ, రంగు చాపలూ, మీట నొక్కితే ఏడ్చే పెట్టే అన్నీ ఉన్నాయి. మా పాకలో కంపూ, దోమలూ తప్ప ఏం లేవు. అయినా మేం పది మందిమి చేరితే పది కథలొచ్చేవి. ఇక్కడ పిల్లలందరూ ఒకే వానకి ఒకే చోట భయపడ్డారు, ఎందుకంటే మీట ఒకటే. విన్నవాడు బదులివ్వకుండా చెప్పేవాడికి కథ ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. వేలు పెదాల మీద ఉన్న పిల్లకి రేపు మాట ఎలా వస్తుందో కూడా అర్థం కాలేదు. డబ్బు పోసి పిల్లల్ని పంపేది నోరు మూసుకోవడం నేర్చుకోవడానికా? అది మేం ఇంట్లో ఊరికే నేర్చుకున్నాం.

సత్యం ఆ కథే చెప్పాడు. రాక్షసుడి ఊ పెట్టెలోంచి వచ్చింది, ఎద్దు రంకె వేసినట్టు. రాకుమారుడు గుర్రంతో సహా వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. చివర్లో నీతి కూడా చెప్పాడు, ఓపికుంటే మంచి రోజులొస్తాయట. తర్వాత గొంతు సవరించుకుని, “ఈ కథ నాకు చెప్పినావిడ…” అన్నాడు. నేను ముందుకు వంగాను. వాడు నా వైపు చూశాడు. చూసి, ఎదురుగా ఉన్న కెమెరా వైపు తిరిగాడు. “మా అమ్మ. ప్రతి ఇంట్లోనూ మొదటి గురువు అమ్మే కదా పిల్లలూ!” అన్నాడు. తల్లులందరూ చప్పట్లు కొట్టారు. జాహ్నవి నా దగ్గరికి వచ్చి, “పేరు చెప్పలేదు మామ్మా. అమ్మ అన్నాడంతే” అంది. విన్నానే అన్నాను.

భోజనాలకి హెడ్మిస్ట్రెస్ గారి గదిలోకి పిలిచారు. టీచర్లు నలుగురు, సత్యం, నేను, జాహ్నవి. పులిహోర, గారెలు, పెరుగన్నం. ఒక్కొక్కరికి తినగలిగినదానికి రెట్టింపు పెట్టారు. సత్యం నా పక్కకి వచ్చి మెల్లిగా, “జనానికి అమ్మ అంటే దగ్గరగా ఉంటుందక్కా. అత్తంటే మళ్ళీ ఏ అత్త, ఎందుకు ఇక్కడుంది, అదంతా చెప్పాలి” అన్నాడు.

“చెప్పొచ్చుగా.”

“పిల్లల ముందా? మొగుడొదిలేసిన సంగతి?”

నేను అరిటాకు నాకేసి లాక్కున్నాను. వాడికి అంతా గుర్తుంది. మర్చిపోయాడనుకుని ఇన్నాళ్ళూ వాణ్ణి కొంత క్షమించాను. అది దండగ.

హెడ్మిస్ట్రెస్ గారు చేతులు కట్టుకుని అడిగారు. “చిన్నప్పుడు ఎలా నేర్చుకున్నారో కొంచెం చెప్పండి సార్. మా టీచర్లు కూడా వింటారు.”

“అబ్బో, అదో పెద్ద కథండి” అన్నాడు సత్యం. గొంతు మారింది. ఆ గొంతు నాకు తెలుసు. కొక్కేనికి పీచు తగిలించే గొంతు. “మా దొడ్లో తాళ్ళు పేనే రాట్నం ఉండేదండి. మా అమ్మ రాట్నం తిప్పుతుంటే, నేను నడుముకి పీచు కట్టుకుని, కొబ్బరి చెట్ల మధ్య నుంచి వెనక్కి నడుస్తూ…”

అని ఆగాడు.

మా అమ్మ ఆ రాట్నం ఒక్కరోజు ముట్టుకోలేదు. ఆ కంపుకి పాక వైపే వచ్చేది కాదు. వాడు మంగత్త పేరు తీసేశాడు సరే, ఇప్పుడు ఆవిడ కూర్చున్న పీట కూడా లాగి వేరేవాళ్ళకి వేశాడు. వేసి, నా వైపు చూశాడు. తల కొంచెం పక్కకి వంచి, ఎదురుచూస్తూ. ఇన్ని సభలు చేసినా, అన్ని శాలువాలు కప్పుకున్నా, నేను పక్కనుంటే వాడి ప్రాణం ఇంకా ఊ కోసమే ఆగుతుంది. ఆ పెట్టె ఇక్కడ లేదు. నా గొంతులో ఊ సిద్ధంగా ఉంది కూడా, శ్రుతితో సహా.

“వెనక్కి నడుస్తూ… కదక్కా?”

నేను పెరుగన్నం కలుపుకున్నాను. నా నోటి మీద ఈసారి ఎవరి చెయ్యీ లేదు.

“వెనక్కి నడుస్తూ…” అన్నాడు మళ్ళీ. పెదాలు తడుపుకున్నాడు. టీచర్లు చేతిలో గరిటెలతో అలా నిలబడ్డారు. “తర్వాతండీ?” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. వాడు నన్ను చూశాడు, ఆకు చూశాడు, “అంతేనండి” అన్నాడు.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. ముట్టుకోని గారెలు పారెయ్యడమెందుకని ఒక ఆకులో చుట్టి సంచిలో వేసుకున్నాను. జాహ్నవి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. నా కథలోనూ అంతే. ఊ ఆగిపోయాకే పిల్ల దిగుతుంది. కింద తాడు పట్టుకుని ఎవడూ నిలబడి ఉండడు.